వంటింటి వెనక గుమ్మం

ఒసాకా, ఏప్రిల్ 9

కోకురా వంటింటి మహారాణీ, మా నాన్నకు ఒకే ఒక్క అక్కా, నాకు ఒకే ఒక్క భయమూ అయిన ఇతోయె అత్తకు,

చెర్రీ పూలన్నీ రాలి మా అపార్ట్‌మెంటు మురుగు కాలవకు అడ్డంపడిన ఈ సుందర వసంత వేళ, నీ మేనల్లుడు గెన్తా వినయంగా రాస్తున్న ఉత్తరం. ఋతువు గురించి ఒక వాక్యం లేకపోతే ఉత్తరం చదవకుండా పక్కన పడేస్తావని నాన్న చెప్పాడు. రాశాను. ఇక చదువు.

ఫోన్లో నువ్వు చెబుతుంటే నేను మధ్యలో నవ్వుతానని, ఇకపై ఏదున్నా ఉత్తరమే రాయాలని వేసిన శిక్షను అనుభవిస్తున్నాను. తపాలా బిళ్ళ నాలుకతో అంటించడం ఈ వయసులో నేర్చుకున్నాను. ఇరవై ఆరేళ్ళ జీవితంలో ఇంత చేదు రుచి, నీ కుండలో మొదటి వారం ఊరిన ముల్లంగి తర్వాత ఇదే.

ఇప్పుడు శుభవార్త. చలికాలంలో నీ వంటింట్లో తీసిన పన్నెండు పాఠాలూ ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టాను. పేరు: ‘ఇతోయె గారి తవుడు కుండ, పన్నెండు పాఠాల్లో’. కింద ఇలా రాశాను: “బియ్యపు తవుడు, ఉప్పునీళ్ళు, కాస్త సముద్రపు నాచు. అందులో దోసకాయ పాతిపెట్టండి. మర్నాడు తవ్వి తినండి.” ఎంత గంభీరంగా ఉందో చూడు. మూడు వారాల్లో మూడు వందల మందికి పైగా కొన్నారు! వీడియోలు తీసి పెట్టే నా వృత్తిలో ఇది నా మొదటి ఘనవిజయం.

నాలుగో పాఠంలో మోచేతి దాకా కుండలో చెయ్యి పెట్టి, కెమెరా వైపు తిరిగి, “ఏంట్రా అలా నిలబడ్డావ్, వచ్చి వాసన చూడు” అన్నావు. అది నన్ను. తీసేద్దామనుకున్నాను. అందరికీ అదే బాగా నచ్చిందట.

కనుక వేసవిలో రెండో కోర్సు, రేగుపండ్ల ఊరగాయ. ఆకురాలు కాలంలో మూడోది. నువ్వు జుట్టు దువ్వుకుని సిద్ధంగా ఉండు.

నీ కీర్తిని దేశం నలుమూలలా పంచుతున్న,
గెన్తా


కోకురా, ఏప్రిల్ 17

ఒరేయ్ గెన్తా,

ఇక్కడ వెదురు మొలకలు వచ్చాయి. పక్కింటి వాళ్ళు రెండిచ్చారు. ఋతువు అయింది.

తపాలా బిళ్ళకు నాలుక ఎందుకురా, తడి గుడ్డ చాలదూ? యూనివర్సిటీలో నాలుగేళ్ళు ఏం చదివావో ఏమో.

మూడు వందల మంది కొన్నారన్నావు. సంతోషం. వాళ్ళ కుండలు ఎలా ఉన్నాయి?

ఉత్తరం మూడుసార్లు తిరగేశాను. ఎక్కడా ఆ సంగతి లేదు. ఎంతమంది కొన్నారో ఉంది, నేను జుట్టు దువ్వుకోవాలని ఉంది. కుండల మాటే లేదు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మా అత్తగారు పాఠాలేమీ చెప్పలేదు. “ఇదుగో కుండ, రోజూ అడుగు నుంచి కలుపు” అంది. అంతే. నేర్పింది వీధిలో ఆడవాళ్ళు. వంటింటి వెనక గుమ్మంలోంచి పిలవకుండా వచ్చేసేవాళ్ళు. మూత తీసి, వేలు పెట్టి, వాసన చూసి, “అయ్యో కొత్త కోడలా, ఉప్పు పిసినారివా?” అనేవాళ్ళు. ఒకావిడ ఎక్కువైందనేది, ఇంకొకావిడ చాల్లేదనేది. వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటుంటే నేను నిలబడి నేర్చుకున్నాను. కుండలో వేసే ఆ ఇనప మేకు ఉందే, మామగారు ఉక్కు కర్మాగారం నుంచి తెచ్చింది, అది వేస్తే వంకాయ రంగు పోదని చెప్పింది కూడా వాళ్ళలో ఒకావిడే, మా వీధిలో చేపలమ్మే ఆవిడ.

ఆ కుండకిప్పుడు ఎనభై ఏళ్ళు. నాకు పిల్లల్లేరు. నా తర్వాత దాన్ని కలిపేది ఎవరా అన్న దిగులుతోనే ఆ పాఠాలకు ఒప్పుకున్నాను. కెమెరాలో బాగుంటానని కాదు. అందుకే అడుగుతున్నాను. కుండలు ఎలా ఉన్నాయి?

తుంటి నొప్పి అలాగే ఉంది. అడగలేదు కాబట్టి చెప్పడం లేదు.

అత్త


ఒసాకా, మే 14

అత్తా,

చిగురాకులు గాలికి ఊగుతూ మా కిటికీ అద్దాన్ని గీకుతున్న ఈ వేళ, ముందుగా నీ తుంటి ఎలా ఉంది? అడిగాను. రికార్డులో రాసుకో.

నీ ఆజ్ఞ ప్రకారం కొన్నవాళ్ళందరికీ రాశాను: “మీ కుండ ఎలా ఉంది?” రెండు వందల మంది జవాబిచ్చారు. అన్నీ అచ్చు తీసి ఈ కవర్లో పెట్టాను. బరువు వల్ల తపాలావాడు నన్ను అనుమానంగా చూశాడు. చదివి ఆనందించు. దాదాపు అందరూ ఒకే మాట రాశారు: “కుండ చాలా బాగుంది. ధన్యవాదాలు. చాలా నేర్చుకున్నాను.” ఒక్క ఫిర్యాదు లేదు, అత్తా. ఒక్కటంటే ఒక్కటి! దేశంలో ఇంతమంది ఒక్క మాట మీద నిలబడటం నేను ఎన్నికల్లో కూడా చూడలేదు.

రేగుపండ్ల కోర్సుకు కెమెరా తుడుస్తున్నాను.

విజయగర్వంతో,
గెన్తా


కోకురా, మే 22

ఒరేయ్ అమాయకుడా,

వాన మొదలవబోతోంది, మోకాళ్ళు చెప్తున్నాయి.

కాగితాలన్నీ చదివాను. వాళ్ళ కుండలన్నీ చచ్చిపోయాయి.

మొదటి మే నెలలో ఎవడి కుండా “చాలా బాగుండదు”. పైన తెల్లటి పొర కడుతుంది. రంగు డబ్బా మూత తీసినట్టు కంపు కొడుతుంది. లేదంటే నీళ్ళు ఊరి పాయసం అవుతుంది. ఇన్ని ఉత్తరాల్లో ఒక్కరూ కంపు మాట ఎత్తలేదు. కుండ బతికున్నవాడు కంపు గురించి రాస్తాడురా. చచ్చినవాడే ధన్యవాదాలు చెప్తాడు. నేను దస్తూరి క్లాసు మానేసే ముందు ఆ టీచరుకు ఏమని రాశానో తెలుసా? “చాలా నేర్చుకున్నాను” అని.

గురువుగారిని నొప్పించకూడదని వాళ్ళ మర్యాద. తప్పు వాళ్ళది కాదు. పాఠం అమ్మేసి నువ్వు వెళ్ళిపోయావు. కంపు కొట్టిన రోజున వాళ్ళు తలుపు తట్టడానికి ఎవరున్నారు? పన్నెండు వీడియోల్లో నేనున్నాను, కానీ నాకు వాళ్ళ కుండ కనపడదుగా!

రేగుపండ్లు లేవు, ఏమీ లేవు. ముందు వాళ్ళకు వెనక గుమ్మం కట్టు. ఎలా కడతావో నాకు తెలియదు, చదువుకున్నవాడివి నువ్వు.

అత్త

కెమెరా తుడిచిన గుడ్డతో కిటికీ అద్దాలు కూడా తుడుచుకో.


ఒసాకా, జూన్ 15

అత్తా,

తొలకరి వానలో నా గొడుగు వెనక్కి తిరిగి నన్నే కొట్టిన ఈ వేళ, ఓటమిని అంగీకరిస్తున్నాను.

నీ మాట పట్టుకుని నలుగురికి ఫోన్ చేశాను. ముగ్గురు “చాలా బాగుంది” అన్నారు. నాలుగో ఆవిడ ఫోన్లోనే ఏడ్చింది. బుజ్జి పూలకుండీలో పెట్టుకుందట, పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి నల్లగా అయిందట. “గురువుగారికి చెప్పకండి” అని బతిమాలింది. చెప్పేశాను. ఏం చేస్తావో నీ ఇష్టం.

రెండో కోర్సు, మూడో కోర్సు కొట్టేశాను. విడిగా పాఠాలు అమ్మడం ఆపేశాను. బదులుగా ఆన్‌లైన్లో ఒక చోటు తెరిచాను. చేరినవాళ్ళు రోజూ వచ్చి కుండల ఫొటోలు పెట్టొచ్చు, అడగొచ్చు, చెప్పొచ్చు. పాఠాలు ఒక మూలన ఉంటాయి, ఎప్పుడైనా చూసుకోవచ్చు. పేరు ‘వెనక గుమ్మం’.

డెబ్భై మంది వచ్చారు. ఏం జరిగిందనుకున్నావు? అందరూ వరసగా తమ పేరు, ఊరు చెప్పి, “నాకేమీ తెలియదు, దయతో చూసుకోండి” అన్నారు. అంతే. పన్నెండు రోజులైంది. డెబ్భై మందీ చెప్పులు వరసగా విడిచి, గోడవారగా కూర్చుని, ఒకళ్ళ మోకాళ్ళు ఒకళ్ళు చూసుకుంటున్నట్టుంది. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి “ఎవరికైనా ఏమైనా సందేహాలు?” అంటున్నాను. చిన్నప్పటి లెక్కల మాస్టారి కష్టం ఇప్పుడర్థమైంది.

ఏం చెయ్యను?

గోడకు వేలాడదీసిన క్యాలెండరులా,
గెన్తా


కోకురా, జూన్ 22

గెన్తా,

హైడ్రాంజియా పూసింది. నీలం రంగు.

సందేహాలా అని అడిగితే ఎవడు చెప్తాడు? మా వెనక గుమ్మంలోకి ఎవరూ “నేర్పండి” అంటూ రాలేదు. చేపలావిడ మొదటిసారి వచ్చినప్పుడు ఏప్రన్ కింద తన కుండే దాచుకుని తెచ్చింది. “మీ అత్తగారికి చెప్పకు, నాది పాడైంది” అంది. అక్కణ్ణించి మొదలు.

జనవరిలో నువ్వు మూడు రోజుల్లో చంపిన కుండ ఫొటో ఉందిగా, నాకు చూపించి నవ్వావు. అది పెట్టు. ఎలా చంపావో రాయి. పెరుగు కలిపిన సంగతి కూడా.

కుండ పోయినవాళ్ళ చిరునామాలు పంపు. ఒక్కొక్కరికి నా కుండలోంచి పిడికెడు తవుడు పంపుతాను. పాత తవుడు పిడికెడు పడితే కొత్త కుండ త్వరగా నిలబడుతుంది. ఎవరడిగినా ఇవ్వాలి, ఇదివరకు నాకూ అలాగే ఇచ్చారు.

అత్త


ఒసాకా, జూలై 20

అత్తా!

మా వీధిలో కీచురాళ్ళు నా అలారాన్ని ఉద్యోగంలోంచి తీసేసిన ఈ మండువేసవిలో, వెనక గుమ్మం విరిగిపోయేలా ఉంది!

నా పెరుగు కుండ ఫొటో పెట్టాను. శీర్షిక: ‘హంతకుడి ఒప్పుకోలు’. గంట గడిచింది. తర్వాత నీగతాలో ఉండే నోనకా గారని ఒకాయన, నలభై ఏళ్ళు రైళ్ళు నడిపి రిటైరయ్యాడు, ఇలా రాశాడు: “నా కుండ మే మూడో తేదీ ఉదయం ఏడు గంటల పదకొండు నిమిషాలకు మరణించింది. ఆలస్యంగా తెలియజేస్తున్నందుకు క్షమించండి.” అంతే, అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. ఇప్పుడు అక్కడ ఎవరి కుండ ఎక్కువ కంపు అని పోటీ నడుస్తోంది. హకొదాతెలో శియోరి అని నర్సు ఉంది, ఆ పూలకుండీ ఆవిడే. ఇప్పటికి ముందంజలో ఉంది.

నీ పిడికెళ్ళు అందరికీ చేరాయి. నోనకా గారు దాన్ని చూసి నిలబడి సెల్యూట్ చేశారట.

ఒక్కటే చిక్కు. వాళ్ళడిగినవి నేను నీకు ఉత్తరంలో పంపి, నీ జవాబు వచ్చేసరికి వారం. ఈలోపు ఆగలేక వాళ్ళలో వాళ్ళే చెప్పేసుకుంటున్నారు! ఆపిల్ తొక్క వెయ్యమని శియోరి, బీరు పొయ్యమని ఇంకొకాయన, నాచు పెంచమని నోనకా గారు. తప్పో ఒప్పో తెలియదు. ఇది నీ పరువు సమస్య. కనుక నీకు టాబ్లెట్ పంపుతున్నాను. తాకితే చాలు, ఎక్కడివాళ్ళకైనా వెంటనే జవాబు చెప్పొచ్చు. ఇక వేగమే వేగం.

సాంకేతిక సేవకుడు,
గెన్తా


కోకురా, ఆగస్టు 3

గెన్తా,

వేడి. రాయడానికి ఇంకేం లేదు.

ఆ పలక వచ్చింది. పక్కింటి కోడలు నేర్పింది. భలే వస్తువురా! నిన్న ఒక్కరోజే నలభై మందికి చెప్పాను. బీరు పోసినాయన్ని బాగా తిట్టాను. ఆపిల్ తొక్క అమ్మాయికి “అది కుండ, పళ్ళబుట్ట కాదు” అని రాశాను. అందరూ “అవును, ధన్యవాదాలు” అన్నారు. ఎంత వినయమో. ఇన్నేళ్ళకు నా మాట వినేవాళ్ళు దొరికారు.

పిడికెళ్ళు ఇచ్చీ ఇచ్చీ కుండ సగానికి దిగింది. కొత్త తవుడు కలిపాను. కోలుకుంటోంది.

సెప్టెంబరు మూడున తుంటికి ఆపరేషన్. ఆ తర్వాత రెండు నెలలు ఆస్పత్రిలో నడక నేర్పుతారట. కుండను నువ్వు తీసుకెళ్ళాలి. ఇంకెవరూ లేరు.

నీ వేగవంతమైన అత్త


ఒసాకా, ఆగస్టు 17

అత్తా,

పూర్వీకులు ఇంటికొచ్చే పండగ అయిపోయి, వాళ్ళని సాగనంపి, వాళ్ళ కోసం కొన్న మిఠాయి నేను తింటున్న ఈ వేళ రాస్తున్నాను.

కుండను నా ప్రాణంలా చూసుకుంటాను. ఆపరేషన్ గురించి అంత పొట్టిగా రాస్తావా? భయంగా ఉందా? ఉంటే చెప్పు. నాకైతే ఉంది.

ఇంకో మాట. ఎలా చెప్పాలో తెలియక నాలుగు కాగితాలు చించాను. వెనక గుమ్మం మళ్ళీ మూగబోయింది. ఎవరైనా ఒకటి అడిగితే రెండో నిమిషంలో నీ జవాబు వచ్చేస్తుంది. “అవును, ధన్యవాదాలు” అని అందరూ వెళ్ళిపోతారు. గురువుగారు చెప్పాక ఇంకెవరు నోరెత్తుతారు? నోనకా గారు పది రోజులుగా కనపడటం లేదు. ఆపిల్ తొక్క శియోరి ఫొటోలు పెట్టడం మానేసింది. నీ ఉత్తరం ఆలస్యమైన రోజుల్లోనే వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. ఆ ఆలస్యాన్ని చంపింది నేనే.

అందుకని అత్తా, నువ్వు కాస్త మాట్లాడటం తగ్గిస్తే బాగుంటుంది.

నీ
గెన్తా


కోకురా, ఆగస్టు 24

శ్రీ గెన్తా గారికి,

ఎండ తీవ్రత ఇంకా తగ్గనప్పటికీ, సాయంత్రపు గాలిలో శరదృతువు తొలి అడుగు వినిపిస్తున్న ఈ శుభ తరుణంలో, తమరు క్షేమమని తలుస్తాను.

తమరి సూచన అందినది. ఇకపై మాట్లాడను.

టాబ్లెట్ పెట్టెలో పెట్టి అల్మరాలో ఉంచాను. కుండ వంటింట్లో ఉంది. రోజుకు రెండుసార్లు అడుగు నుంచి కలపవలెను. అంచులు తుడవవలెను. మేకు తీయరాదు. తాళంచెవి పక్కింట్లో ఇచ్చాను.

ఇతోయె


ఒసాకా, సెప్టెంబరు 14

అత్తా,

నీ ఉత్తరంలో ఋతువు వర్ణన తప్పు లేకుండా ఉండేసరికి కవరు మీద నీ పేరే ఉందా అని మళ్ళీ చూశాను. పుట్టాక నన్ను నువ్వు ‘గారు’ అనడం ఇదే మొదలు. తిట్టు అత్తా, బతిమాలుతున్నాను. చెప్పిన మాట తప్పు కాకపోవచ్చు, చెప్పిన పద్ధతి తప్పు. చెంపలు వేసుకుంటూ రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర.

ఆపరేషన్ బాగా జరిగిందని నాన్న చెప్పాడు. రెండో రోజే నర్సుకు ముల్లంగి కొయ్యడం గురించి చెప్పావట. బతికే ఉన్నావన్నమాట.

రైలు ప్రయాణం వినాలి నువ్వు. కుండను గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. హిరోషిమా దాటేసరికి పెట్టెలో అందరికీ వాసన తెలిసిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, మన వాళ్ళు కదా. అందరూ ఒకేసారి కిటికీలోంచి ప్రకృతిని ఆస్వాదించడం మొదలుపెట్టారు. ఒక ముసలాయన మాత్రం దగ్గరికి వచ్చి, “ఏమిటయ్యా, వంకాయా?” అన్నాడు. దోసకాయ అన్నాను. “ఈ కాలానికి వంకాయ బాగుంటుంది” అని చెప్పి వెళ్ళిపోయాడు.

వెనక గుమ్మంలో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. నోనకా గారు ఎక్కడ ఎంత వేడిగా ఉందో రోజూ రైళ్ళ వేళల్లా ప్రకటిస్తున్నారు. ఈ సంగతి తెలిసి, ఆన్‌లైన్ పాఠాలు చెప్పేవాళ్ళ సభకు నన్ను తోక్యో పిలిచారు. ‘నేర్చుకునేవాళ్ళ సమూహాన్ని బతికించుకోవడం ఎలా’ అని మూడు రోజులు ఉపన్యాసాలు దంచి వచ్చాను. చప్పట్లు కూడా కొట్టారు.

కుండ చాలా బాగుంది. ధన్యవాదాలు.

నువ్వు త్వరగా నడవాలి.

గెన్తా


ఆస్పత్రి నుంచి, సెప్టెంబరు 20

ఒరేయ్ గెన్తా,

కిటికీలోంచి ఆస్పత్రి కార్ల షెడ్డు కనపడుతుంది. దానికి ఋతువు లేదు.

రైలు గురించి పదిహేను లైన్లు రాశావు. కుండ గురించి ఒక్క లైను. ఆ లైను నేనిదివరకు రెండు వందలసార్లు చదివాను. నువ్వే అచ్చు తీసి పంపావు.

ఎప్పుడు పోయింది?

తిట్టను. మంచం మీద ఉన్నాను, తిట్టడానికి ఓపిక లేదు. అబద్ధం మాత్రం మళ్ళీ రాయకు. ముందొక్కటి చెప్పు. మేకు ఉందా?

అత్త


ఒసాకా, సెప్టెంబరు 26

అత్తా,

ఈసారి ఋతువు లేదు.

పోయింది. తోక్యో వెళ్ళిన మూడు రోజుల్లో. కుండ ఫ్రిజ్‌లో పట్టలేదు. గది చల్లగా ఉంటుందని ఏసీ వేసి వెళ్ళాను. దానికి టైమరుందని మర్చిపోయాను. తిరిగి వచ్చి మూత తీస్తే పురుగులు. వాళ్ళ ముందు నిలబడి బతికించుకోవడం ఎలా అని చెబుతున్న ఆ గంటలోనే ఇక్కడ చచ్చిపోతోంది.

ఆ తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. సిగ్గుతో, ఎవరినీ అడగకుండా, మొత్తం సంచిలో పోసి చెత్తబండి వచ్చే చోట పెట్టేశాను. కుండ కడుగుతుంటే మేకు గుర్తొచ్చింది. బండి వెళ్ళిపోయింది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే రెండు వీధులు పరిగెత్తాను. అరిచాను. బండాయన ఆపి, “ఏ సంచి?” అన్నాడు. “వాసనొచ్చేది” అన్నాను. “అన్నీ వస్తాయి బాబూ” అన్నాడు. దొరికింది. అత్తా, మేకు ఉంది. నా బల్ల మీద ఉంది, ఈ కాగితం ఎగిరిపోకుండా దాన్నే పెట్టాను.

నీ ఉత్తరం వచ్చిన రోజున వెనక గుమ్మానికి వెళ్ళి జరిగిందంతా రాశాను. ఎవరూ ఓదార్చలేదు. నోనకా గారు, ఆ మర్యాదస్థుడు, ఇలా రాశారు: “పైది తీసేసి అడుగున మంచిది మిగిలిందేమో చూడాల్సింది. పారేసే ముందు అడగొద్దూ? ఇంత గుమ్మం కట్టి, నువ్వే తట్టకపోతే ఎలాగయ్యా?” మా నాన్న కూడా నన్ను అంత చక్కగా తిట్టలేదు. శియోరి అడ్డొచ్చింది: “ఆయన్ని వదిలెయ్యండి. గురువుగారి పిడికెడు నా కుండలో ఉంది. మీలో ఎంతమంది కుండల్లో ఉంది?”

రెండో రోజు నుంచే వాళ్ళ కుండల్లోని తవుడు పొట్లాలుగా రావడం మొదలైంది. ఇవాళ్టికి ముప్పై ఒకటి. ప్రతి దాని మీదా చీటీ, పెళ్ళిలో దీవెనల్లా. నోనకా గారిది మాత్రం ‘బయలుదేరిన సమయం 9:42’. అన్నీ నీ కుండలో వేసి కలుపుతున్నాను. రోజూ రెండుసార్లు ఫొటో పెడుతున్నాను, కలపకపోతే నోనకా గారు అడుగుతున్నారు. తోక్యో నుంచి మళ్ళీ పిలిస్తే రానని చెప్పాను.

ఇది నీ కుండ అనే ధైర్యం నాకు లేదు. నువ్వు ఇంటికి రాగానే తెచ్చి గుమ్మంలో పెడతాను. లోపలికి రమ్మంటే వస్తాను.

హంతకుడు (రెండోసారి),
గెన్తా


కోకురా, నవంబరు 8

ఒరేయ్ గెన్తా,

కొమ్మలు వంగిపోయి, నారింజ రంగు పెర్సిమన్ పళ్ళు పక్కింటి గోడ దాటి మన వైపు వేలాడుతున్నాయి. చేతికర్రతో రెండు రాల్చాను. ఎవరూ చూడలేదు.

నువ్వు కుండ దించి, టీ తాగకుండా పారిపోయావు. గుమ్మంలో అంత సేపు వంగి నిలబడితే నడుం పట్టేస్తుంది, నీకూ ఆపరేషన్ చెయ్యాల్సొస్తుంది. మంచివాడివే, మూర్ఖుడివి కూడా.

నువ్వు వెళ్ళాక మూత తీశాను. ఒకటే గోల. ఒక మూల నాచు, ఆ రైలాయనదే. ఒక మూల ఆపిల్. ఎవరో బీరు పోశారు, నేను అంత తిట్టినా! యాభై ఏళ్ళు నా ముక్కుకు తెలిసిన వాసన అందులో ఎక్కడా లేదు. మా అత్తగారు పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు. రెండు రోజులు మూత పెట్టి ఉంచేశాను. కోపం. మూడో రోజు పొద్దున లేచి కలిపాను, అలవాటు కదా. వేళ్ళకు మేకు తగిలింది. సరే అని ముల్లంగి ముక్క పాతాను.

మర్నాడు తిన్నాను. అది నా కుండ కాదు, గెన్తా. మా అత్తగారిదీ కాదు. బాగుంది. చెప్పడానికి కష్టంగా ఉంది గానీ బాగుంది. చివర్లో ఏదో తీపి ఉంది, అది ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలియదు. ఇంకా పైన ఒక కొత్త పులుపు వాసన. నాకు తెలియని వాసన ఉందంటే ఈ వయసులో భయమేసింది.

అల్మరాలోంచి పలక తీశాను. పక్కింటి కోడలు వచ్చి వేరే పేరుతో చేర్పించింది. నా పేరుతో అడిగితే అందరూ మళ్ళీ మోకాళ్ళు చూసుకుంటారని. నేను రాసింది ఇది:

“కొత్త కోడలు, కోకురా. నాకేమీ తెలియదు, దయతో చూసుకోండి. నలుగురిచ్చిన తవుడు కలిపి కుండ పెట్టాను. పుల్లగా, కాస్త పండు వాసన వస్తోంది. పాడైందా? ఏం చెయ్యాలి?”

నాలుగు నిమిషాల్లో ఎనిమిది మంది వచ్చారు. శియోరి, “కొత్త కోడలు గారూ, భయపడకండి, నాదింతకంటే ఘోరం” అంటూ తన పూలకుండీ కథంతా చెప్పింది. నోనకా గారు ఆవాలు వెయ్యమన్నారు, ఇంకొకాయన వద్దన్నాడు. వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నారు. నేను కూర్చుని చదువుతూ ఉన్నాను. టీ చల్లారిపోయింది. ఒక్క మాట కూడా మధ్యలో అనలేదు, అది రాసి పెట్టుకో.

చివర్లో నోనకా గారు ఇలా రాశారు: “అమ్మా, ముందు మూలనున్న నాలుగో పాఠం చూడండి. అందులో ఒక పెద్దావిడ ఉంటుంది. కాస్త కోపిష్ఠి మనిషి, కానీ ఆవిడ చెప్పినట్టు చెయ్యండి. రెండు రోజులు ఏమీ వెయ్యకుండా కలిపి, మూడో రోజు వాసన చూడమంటుంది. ఆవిడ ఆరోగ్యం బాగాలేదు, లేకపోతే ఆవిణ్ణే అడిగేవాళ్ళం. ఈలోపు మేమున్నాం.”

చూశాను. ఆవిడకు జుట్టు దువ్వుకోవడం రాదు. చెప్పింది మాత్రం సరిగానే ఉంది.

ఇవాళ రెండో రోజు. పొద్దున నేను కలిపి ఫొటో పెట్టేసరికి, హకొదాతెలో ఆ పిల్ల అప్పటికే కలిపి, చేతులు కడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయింది. నేనెవరో వాళ్ళకు చెప్పావో, మళ్ళీ నీకు ‘గారు’ తగిలిస్తాను.

రేపు వాసన చూస్తాను.

కొత్త కోడలు